లోయంటే తలకిందుల కొండ

మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే మా ఓపీలో ఒక రకం పేషెంట్లు ఎక్కువవుతారు. వాళ్లు జబ్బు కోసం రారు. ఆర్నెల్లకు సరిపడా మందుల చీటీ కోసం వస్తారు. ‘అబ్బాయి దగ్గరికి వెళ్తున్నామండీ, డాలస్’ అనో, ‘అమ్మాయికి రెండో కాన్పు, ఫీనిక్స్’ అనో చెబుతారు. ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, వాళ్ల భార్యలు. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు మామూలే. చీటీ రాస్తూ ‘అక్కడ ఎక్కడెక్కడికి తిప్పుతారట?’ అని అడుగుతాను. ‘గ్రాండ్ క్యానియన్ అటండీ, అందరూ చూసి తీరాలంటున్నారు’ అనే జవాబు వస్తే మాత్రం పెన్ను పక్కన పెట్టేస్తాను. చూడొద్దని చెప్పడానికి కాదు. నిజంగా చూసి తీరాల్సిన చోటే అది. కానీ అయిదు నిమిషాలు మాట్లాడకుండా చీటీ ఇవ్వబుద్ధి కాదు. క్యూలో వెనకున్నవాళ్లు విసుక్కుంటున్నా సరే. ఆ అయిదు నిమిషాల మాటనే ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతున్నాను.

అమెరికాలో అరిజోనా, యూటా రాష్ట్రాల్లో ఇలాంటి ఎడారి లోయలు చాలా ఉన్నాయి. గ్రాండ్ క్యానియన్, జయాన్, బ్రైస్, ఫొటోల్లో ఎర్రటి పట్టుచీర మడతల్లా కనిపించే యాంటిలోప్ క్యానియన్... లాస్‌వేగాస్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని, నాలుగు రోజుల్లో ఇవన్నీ చుట్టి రావడం మనవాళ్లకు అలవాటైన ట్రిప్పు. పిల్లలకు సెలవులుండేది వేసవిలోనే. అమ్మానాన్నలు వెళ్లేదీ ఎక్కువగా వేసవిలోనే. లోయలు పెనంలా కాలేదీ అప్పుడే.

తిరుమల ఎక్కిన కాళ్లేగా!

‘ఏటా అలిపిరి నుంచి నడిచే ఎక్కుతామండీ, మాకేం భయం?’ అంటారు చాలామంది. 3,550 మెట్లు ఎక్కారంటే మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ ధైర్యమే ఇక్కడ దెబ్బతీస్తుంది. కొండ దగ్గర కష్టం ముందు, సుఖం తర్వాత. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎక్కుతాం. చేతకాకపోతే గాలిగోపురం దగ్గరే ఆగి వెనక్కి దిగిపోవచ్చు. పైకి వెళ్లేకొద్దీ చల్లబడుతుంది కూడా.

లోయలో ఇదంతా తిరగబడుతుంది. మొదట దిగుడు. హాయిగా ఉంటుంది. మాటల్లో పడి ఎంత దూరం వచ్చామో తెలియదు. అలసట తెలిసేసరికి ఎక్కాల్సిన కొండంతా తల మీద ఉంటుంది. అప్పటికి మధ్యాహ్నం అవుతుంది. పైగా దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. గ్రాండ్ క్యానియన్ దక్షిణపు అంచు, అక్కడ సౌత్ రిమ్ అంటారు, సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది. అడుగున పారే కొలరాడో నది అంతకు సుమారు 1.6 కిలోమీటర్ల కింద ఉంటుంది. ప్రతి వెయ్యి అడుగులు దిగినకొద్దీ ఉష్ణోగ్రత 3 డిగ్రీల వరకు పెరుగుతుంది. జులైలో అంచు మీద 29 డిగ్రీలుంటే, నది దగ్గర 40 దాటుతుంది. అంచు మీద చల్లగాలికి ‘అబ్బ, ఊటీలా ఉంది’ అనుకుని బయల్దేరినవాళ్లు రెండు మూడు గంటల్లో రెంటచింతల చేరినట్టన్నమాట.

దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు పడుతుందని అక్కడి రేంజర్లు లెక్క చెబుతారు. అది కుర్రవాళ్ల లెక్క కూడా. బీపీ తగ్గించే మెటోప్రోలాల్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్ల గుండె అవసరానికి తగ్గట్టు వేగం పెంచుకోలేదు. ఏడు వేల అడుగుల ఎత్తులో మామూలుగానే కాస్త ఆయాసం ఉంటుంది. వాళ్లకు రెండుకు మూడు గంటలు వేసుకోవాలి.

మరో తేడా, చెమట. విజయవాడ ఎండలో అయిదు నిమిషాలు నిలబడితే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. ఒంట్లోంచి నీరు పోతోందని మనకు కళ్లకు కడుతుంది. ఎడారి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది. చొక్కా తడవదు. ‘ఇక్కడ ఉక్కే లేదు, చెమటే పట్టడం లేదు’ అని మనవాళ్లు సంబరపడతారు. సాయంత్రం చొక్కా మీద తెల్లటి ఉప్పుచారలు చూస్తే తెలుస్తుంది, ఎంత పోయిందో. నీళ్లు మాత్రమే కాదు, ఉప్పూ పోయింది. ఈ ఉప్పు సంగతి నేను ఎండీ చదువుతూ నేర్చుకున్నాను. అర్థమైంది మాత్రం మా అత్తగారి వల్ల.

నేను చేసిన తప్పు

అయిదేళ్ల కిందట జూన్‌లో మా బావమరిది వాళ్లింటికి వెళ్లాం. వాళ్లుండేది ఫీనిక్స్ దగ్గర. అక్కడి నుంచి గ్రాండ్ క్యానియన్ కారులో నాలుగు గంటల లోపే. మా అత్తగారికి అప్పుడు 64 ఏళ్లు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటారు. టెల్మిసార్టాన్‌తో పాటు, మూత్రం ద్వారా ఉప్పును బయటకు పంపే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. ఉప్పు తగ్గించమని నేనే చెప్పాను. ఆవిడ మనిషి మాటంటే మాటే. పచ్చడి కూడా మానేశారు.

పొద్దున్నే స్నానం, పూజ కాలేదని కాఫీ, ఒక అరటిపండుతో బయల్దేరారు. బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ అనే దారిలో ‘కొంచెం దూరం దిగి వచ్చేద్దాం’ అనుకున్నాం. ఆ కొంచెం కాస్తా మైలున్నర దూరంలోని మొదటి విశ్రాంతి గుడిసె దాకా సాగింది. అంటే సుమారు 1,100 అడుగుల దిగుడు. తిరిగి ఎక్కేటప్పుడు వంద అంతస్తుల మేడ ఎక్కినట్టే. అప్పటికి పది దాటింది. ఎండదెబ్బ తగులుతుందేమోనని మా బావమరిది పది నిమిషాలకోసారి ‘అమ్మా, నీళ్లు తాగు’ అంటూనే ఉన్నాడు. ఆవిడ బుద్ధిగా తాగుతూనే ఉన్నారు. చక్కిలాలు ఇస్తే, ‘ఉప్పు కదా బాబూ’ అని పక్కన పెట్టేశారు.

సగం ఎక్కేసరికి ఆగిపోయారు. ‘కడుపులో తిప్పుతోంది బాబూ, తల పగిలిపోతోంది’ అన్నారు. రెండుసార్లు వాంతయింది. ఎండదెబ్బే అనుకున్నాను. నీడకు చేర్చి, తడిగుడ్డ వేసి, ఇంకో సీసా నీళ్లు చేతికిచ్చాను. అంతకంటే పొరపాటు లేదు. అటుగా వచ్చిన ఒక రేంజరు మొదట అడిగింది ‘ఎన్ని నీళ్లు తాగారు?’ అని కాదు, ‘ఏం తిన్నారు?’ అని. తర్వాత ‘ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు?’ గుడిసె దగ్గరే మూడుసార్లు వెళ్లారని మా ఆవిడ చెప్పింది. అప్పుడు అత్తగారి చేతివంక చూశాను. వేళ్లు ఉబ్బి, ఉంగరం కదలడం లేదు. రేంజరు నా చేతిలోని నీళ్ల సీసా తీసి పక్కన పెట్టింది. నేను డాక్టరునని చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

ఆ రాత్రి ఫ్లాగ్‌స్టాఫ్‌లో రక్తపరీక్ష చేస్తే సోడియం 124 వచ్చింది. ఉండాల్సింది 135 పైన. ఇంకాస్త తగ్గి ఉంటే ఫిట్స్ వచ్చేవి. ఆసుపత్రిలో రెండు రాత్రులు ఉండి కోలుకున్నారు. ఇలా సోడియం పడిపోయి, మనిషి తికమకగా మాట్లాడుతూ వచ్చే పెద్దవాళ్లను మా వార్డులో వేసవంతా చూస్తూనే ఉంటాను. వాళ్లలో చాలామంది ఇవే బీపీ మాత్రలు వాడుతుంటారు. అయినా లోయలో, సొంత మనిషి విషయంలో తట్టలేదు.

ఎండలో నడిచేవాళ్లకు రెండు వైపులా గొయ్యే. నీళ్లు తాగకపోతే ఒకటి, నీళ్లే తాగితే ఇంకొకటి. తలనొప్పి, వికారం, నీరసం రెండింటిలోనూ ఉంటాయి. తేడా పట్టించేది మూత్రం. ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు గంటల తరబడి మూత్రం రాదు, వచ్చినా ముదురు పసుపుగా ఉంటుంది. దాహంతో నాలుక పిడచ కడుతుంది. నీళ్లు ఎక్కువై ఉప్పు తగ్గినవాళ్లకు మూత్రం నీళ్లలా, మాటిమాటికీ వస్తుంది. దాహం ఉండదు. కడుపు ఉబ్బరంగా ఉంటుంది, వేళ్లు వాస్తాయి. అలాంటివారికి నీళ్లు ఆపేసి ఉప్పగా ఉండేవి ఏవైనా తినిపించాలి. మాట తడబడితే మాత్రం ఆసుపత్రి తప్ప మార్గం లేదు.

అందుకే నీళ్లతో పాటు తిండి. ఎండలో నడిచేటప్పుడు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు, గుక్క గుక్కగా. పెద్దవయసులో దాహం ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి వాళ్లకు గుర్తు చేయాల్సిందే, బలవంతంగా పట్టించకూడదు. తాగిన ప్రతిసారీ నాలుగు పల్లీలో, ఒక జంతికో నోట్లో వేసుకోవాలి. దీనికి మన పిండివంటలను మించినవి లేవు. చేగోడీలు, కారప్పూస, పులిహోర... సూట్‌కేసులో ఎలాగూ మోసుకెళ్తారు, ఇంట్లో డబ్బాలో దాచకుండా లోయకు పట్టుకెళ్లండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగైదు ఇక్కడే కొనుక్కోండి. లీటరు నీళ్లకు ఒక పొట్లం చొప్పున కలపాలి. తియ్యటి పళ్లరసాల డబ్బాలు ఓఆర్‌ఎస్‌తో సమానం కావు. తెచ్చుకున్న నీళ్లలో మూడో వంతే దిగేటప్పుడు తాగాలని, రెండు వంతులు ఎక్కడానికి ఉంచుకోవాలని అక్కడివాళ్ల లెక్క. దారిలో కుళాయిలుంటాయనే భరోసా వద్దు. ఆ లోయలో నీటి పైపులైను తరచూ పగులుతుంది. సౌత్ కైబాబ్ అనే ఇంకో దారిలో అసలు నీళ్లే దొరకవు. బయల్దేరే ముందు విజిటర్ సెంటర్లో అడగాలి.

చీటీ మరోసారి చూసుకోండి

ప్రయాణానికి మూడు నాలుగు వారాల ముందు మీ డాక్టర్ని కలిసినప్పుడు లోయల సంగతి చెప్పండి. బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’, ‘సీటీ’ లాంటి అక్షరాలుంటే అందులో మూత్రం పెంచే మందు కలిసి ఉండొచ్చు. ఎండలో తిరిగే ఆ కొద్దిరోజులకు మోతాదు మార్చాలా అన్నది ఆయన్నే తేల్చమనండి. సోడియం, క్రియాటినిన్ ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది. సొంతంగా మాత్రలు మానేయడం మాత్రం వద్దు. మానేసి బీపీ 200కు ఎగబాకించుకున్నవాళ్లనూ చూశాను.

షుగర్‌కు ఇప్పుడు చాలామంది డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. మంచి మందులే. అయితే ఇవి చక్కెరను మూత్రంలోకి పంపుతూ నీటినీ లాక్కుపోతాయి. తిండి సరిగా లేక, వాంతులై, ఒళ్లు ఎండిపోయిన రోజున ఇవి వేసుకుంటే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదముంది. చిక్కేమిటంటే, అప్పుడు గ్లూకోమీటరులో షుగర్ మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లది దీనికి ఎదురు కథ. అలవాటు లేని నడకకు షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చేతులు వణకడం, చెమటలు, చిరాకు కనిపిస్తే ‘ఎండకేలే’ అనుకోకుండా వెంటనే పంచదార నోట్లో వేయాలి. గ్లూకోజ్ బిళ్లలు జేబులో ఉండాలి, కారులో కాదు.

ఇన్సులినూ కారులో ఉండకూడదు. ఎడారి ఎండలో తలుపులు మూసిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపుండాలి. మన పల్లెల్లో ఫ్రిజ్ లేనివాళ్లకు తడి కుండలో పెట్టుకోమని చెబుతాం కదా, అదే సూత్రంతో నీళ్లలో ముంచి వాడే చిన్న సంచులు దొరుకుతాయి. పొడిగాలిలో అవి ఇక్కడికంటే అక్కడే బాగా పనిచేస్తాయి.

గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లు కొలిచి తాగేవాళ్లు, ఆర్నెల్ల లోపు స్టెంటు పడినవాళ్లు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవాళ్లు లోయలోకి అడుగే పెట్టొద్దు. అంచు మీదే ఉండండి. అక్కడ చదునైన దారి, ఉచిత బస్సులు, కూర్చోవడానికి బెంచీలు ఉన్నాయి. నిజం చెప్పాలంటే లోయ అందమంతా కనిపించేది పైనుంచే. మోకాళ్లు అరిగినవాళ్లకూ ఇదే మాట. మోకాలిని ఎక్కువ బాధపెట్టేది ఎక్కడం కాదు, దిగడం.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ ఉన్నాయని దాచకండి. పాత జబ్బుల వల్ల వచ్చే అత్యవసర చికిత్సకు, ఎయిర్ అంబులెన్సుకు వర్తిస్తుందో లేదో పాలసీలో చదివించుకోండి. లోయ లోపల ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. సౌత్ రిమ్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ 130 కిలోమీటర్ల దూరం.

మాట తడబడితే...

నీరసం, తలతిరుగుడు, వికారం వరకు ఉంటే నీడలో కూర్చోబెట్టి, కాళ్లు ఎత్తులో పెట్టి, చల్లబరిస్తే చాలావరకు కోలుకుంటారు. కానీ మనిషి అడిగినదానికి సంబంధం లేకుండా మాట్లాడుతున్నా, తాగినవాడిలా తూలుతున్నా, ఊరికే కోప్పడుతున్నా అది వడదెబ్బ అయి ఉండొచ్చు. ఒళ్లు పొడిగా ఉంటేనే వడదెబ్బ అనేది పాత పాఠం. నడిచి నడిచి పడిపోయినవాళ్లకు చెమట పడుతూ కూడా ఉండొచ్చు. 911కు ఫోన్, లేదా దారిలో పోయే ఎవరితోనైనా రేంజరుకు కబురు. వాళ్లు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, టోపీతోనో కాగితంతోనో విసురుతూనే ఉండాలి. పొడిగాలిలో ఈ తడి, విసురుడే మంచి మందు. తెలివి సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు.

ఇలా జరగకుండా ఉండాలంటే వేసవిలో పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు ఎండపొడ దారుల్లో నడవొద్దని పార్కు వాళ్లే చెబుతారు. 1996 వేసవిలో మరణాలు ఎక్కువయ్యాక, మరుసటి ఏడాది నుంచి రేంజర్లు, వాలంటీర్లు దారుల్లోనే తిరుగుతూ జనాన్ని ముందుగానే వెనక్కి మళ్లిస్తున్నారు. వాళ్లెవరైనా ఆపి ‘ఇక్కడి నుంచి తిరిగి వెళ్లండి’ అంటే నామోషీగా తీసుకోవద్దు.

ఆకాశం నీలంగా ఉన్నా వరద

యాంటిలోప్ లాంటి ఇరుకు లోయల్లో ఇంకో ప్రమాదం ఉంది. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత సన్నటి పగుళ్లవి. వాటిని చెక్కింది వాననీరే. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్‌లో ఒక్కసారిగా నీళ్లొచ్చి 11 మంది చనిపోయారు. వాళ్లున్న చోట చెప్పుకోదగ్గ వాన లేదు. వాన పడింది మైళ్ల దూరంలో, ఎగువన. ఎడారి నేల నీటిని ఇంకించుకోదు. పడిన వానంతా పళ్లెంలో పోసినట్టు జారి, ఆ పగుల్లోకి చేరుతుంది. 2015 సెప్టెంబరులో జయాన్ పార్కులోని కీహోల్ క్యానియన్‌లో ఏడుగురు ఇలాగే పోయారు.

అరిజోనాలో జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు వర్షాల కాలం. వాటినీ మాన్‌సూన్ అనే అంటారు. మధ్యాహ్నాలు ఉరుముల వానలు పడతాయి. అందుకే ఇరుకు లోయలకు పొద్దుటి టికెట్లే తీసుకోండి. యాంటిలోప్‌లోకి నవాజో గైడు లేనిదే పంపరు. గైడు టూర్ రద్దు చేశాడంటే ‘ఎండ కాస్తోంది కదా, డబ్బు కట్టాం కదా’ అని వాదనకు దిగొద్దు. జయాన్‌లో నదిలో నడిచే నారోస్‌కు వెళ్తే, ఆ రోజు వరద ప్రమాదం ఎంతో పార్కు ముందే ప్రకటిస్తుంది, అది చూసుకోవాలి. నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకు మారినా, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు వినిపించినా సామాన్లు వదిలేసి ఎత్తుకు చేరాలి. లోయర్ యాంటిలోప్‌లో నిటారు ఇనుప మెట్లు ఎక్కి దిగాలి. పెద్దవాళ్లుంటే బుక్ చేసేటప్పుడే ఎన్ని మెట్లో అడగండి.

అంచు మీదే ఉన్నవాళ్లకు రెండు మాటలు. గ్రాండ్ క్యానియన్ అంచుకు చాలాచోట్ల కటకటాలుండవు. గండికోటలో పెన్నా లోయ పైనుంచి చూసినవాళ్లకు ఆ జలదరింపు తెలుసు. ఫోను చూస్తూ వెనక్కి అడుగు వేయకూడదు, ‘ఇంకొంచెం వెనక్కి’ అని ఎవర్నీ అనకూడదు. ఇక ఉడతలు. రాముడికి సాయం చేసిన జీవి కదా అని మనవాళ్లు అరచేతిలో పల్లీలు పెట్టి పిలుస్తారు. అక్కడివి మన ఉడతల కంటే పెద్దవి, మనుషులంటే బెరుకు లేనివి, గట్టిగా కరుస్తాయి. వాటి మీది గోమార్లు ప్లేగు లాంటి జబ్బులు మోస్తాయి. కరిస్తే సబ్బునీళ్లతో బాగా కడిగి, అక్కడే డాక్టరుకు చూపించాలి.

మా అత్తగారు కిందటేడు మళ్లీ వెళ్లారు, ఈసారి అక్టోబరులో. మాత్ర మార్చాను. ఉప్పు మీద ఆంక్ష కాస్త సడలించాను. లోయలోకి దిగలేదు. మాథర్ పాయింట్ దగ్గర శాలువా కప్పుకుని, జంతికల డబ్బా ఒళ్లో పెట్టుకుని సూర్యోదయం దాకా కూర్చున్న ఫొటో మా బావమరిది పంపాడు. ఉడతకు మాత్రం ఒక ముక్క వేసే ఉంటారని నా అనుమానం.